నిరగ్ని నిష్క్షీర కూష్మాండ మధురం

ఆ రోజు నూకరత్నం ఇంట్లో గ్యాసు అయిపోకుండా ఉంటే మా జిల్లా ఇంత అభివృద్ధి చెంది ఉండేది కాదు.

బండ బుక్ చేసి ఎనిమిది రోజులైంది. పొద్దున్నే స్టవ్ ఒకసారి దగ్గి ఆరిపోయింది. ముందురోజు పాలు కూడా విరిగిపోయాయి. ఇంట్లో మిగిలిందల్లా మూలనున్న మంచి గుమ్మడికాయ ఒక్కటే. మొగుడు సింహాద్రి బస్సు డిపోలో మెకానిక్. డ్యూటీకి వెళ్ళేముందు ఆ కాయ మీద కత్తి పెట్టి మొదటి కోత కోసి వెళ్ళాడు. నిండు గుమ్మడికాయకి ఆడవాళ్ళు మొదటి కత్తి పెట్టకూడదని వాళ్ళ అత్తగారి అత్తగారి నాటి నుంచి ఆచారం. ఎందుకు పెట్టకూడదో అడిగే తీరిక ఉన్నవాళ్ళకి వంట రాదు, వంట వచ్చినవాళ్ళకి తీరిక లేదు గనక ఆచారం క్షేమంగా ఉంది. నూకరత్నం ఆ చెక్కల్ని సన్నగా కోరి, నీరు పిండేసి, బెల్లం తురుము, జీడిపప్పు నూరిన ముద్ద, పచ్చికొబ్బరి, యాలకులు కలిపి, స్టీలు డబ్బాలో గట్టిగా అదిమి, స్నానం చేసి వచ్చేదాకా ఫ్రిజ్‌లో ఉంచింది. తర్వాత ముక్కలు కోసుకుని మధ్యాహ్నం భోజనం కింద ఆఫీసుకు పట్టుకుపోయింది.

ఆఫీసంటే ఆహార అలవాట్ల సంస్కరణ మండలి, జిల్లా శాఖ. మండలి పుట్టి పన్నెండేళ్ళైనా జిల్లాలో ఎవరి అలవాటూ మారలేదు. నూకరత్నం అందులో తొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు కంప్యూటర్ ఆపరేటరు. ప్రతి మార్చి ముప్పై ఒకటిన ఆమె ఉద్యోగం పోతుంది. సంచాలకులవారు సంతకం పెడితే ఏప్రిల్ ఒకటిన మళ్ళీ వస్తుంది. ఇంకొక్క సంతకం పడితే పదో ఏట అడుగుపెట్టి పర్మినెంటు అవుతుంది. పడకపోతే తొమ్మిదేళ్ళూ సున్నా. ఈ లెక్క ఆమె నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

సంచాలకులు పరాంకుశం గారు ఆ మధ్యాహ్నం యాలకుల వాసన పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చారు. ఒక ముక్క తిన్నారు. రెండోది తిన్నారు. మూడోది నములుతూ అడిగారు.

"పాలు పోశావా?"

"లేదు సార్."

"పొయ్యి మీద పెట్టావా?"

"గ్యాసు లేదు సార్."

పరాంకుశం గారు కళ్ళు మూసుకున్నారు. ఆయన కళ్ళు మూసుకుంటే మర్నాటికి ఏదో ఒక ఉత్తర్వు వస్తుందని ఆఫీసులో అందరికీ తెలుసు. "పాలు తగలని ఇలాంటిదాన్ని విదేశాల్లో వీగన్ అంటారమ్మా. కాల్చకుండా, ఉడికించకుండా చేసే వీగన్ తీపి! ప్రపంచమంతా దీని వెంట పడుతోంది. నువ్వు డబ్బాలో పెట్టుకొచ్చింది తీపి కాదు, దృక్పథం" అన్నారు. నాలుగో ముక్క కూడా తీసుకున్నారు. నూకరత్నం ఆ పూట ఖాళీ డబ్బా మూత పెట్టుకుని మంచినీళ్ళు తాగింది. సంచాలకులు తన చేతి వంట తిన్నారని మురిసిపోయింది కూడా, పిచ్చిది.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. దాన్ని టైపు చేసింది నూకరత్నమే.

'ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, నిరగ్ని నిష్క్షీర కూష్మాండ మధురము అను ప్రతిష్ఠాత్మక పథకము ప్రారంభించబడుచున్నది. సదరు మధురమును సిబ్బంది తమ తమ గృహములందు తయారుచేసి ధ్రువపత్రము పొందవలెను. తయారీలో ఏ దశయందును, ఏ వస్తువునకును అగ్ని సోకి ఉండరాదు. పాలు ఏ రూపమునను కనిపించరాదు. ధ్రువపత్రము లేని కాంట్రాక్టు సిబ్బంది సేవలు పొడిగించబడవు.'

కూష్మాండమంటే బూడిద గుమ్మడి కదా, ఇది మంచి గుమ్మడి కదా అని ఆఫీసులో ఒకరిద్దరికి సందేహం వచ్చింది. సందేహం పైకి చెప్పి బాగుపడిన ఉద్యోగి ఆ భవనంలో ఎవరూ లేరు గనక ఊరుకున్నారు. పేరు నోరు తిరగక జనం దాన్ని 'నినికూమ' అన్నారు. పర్మినెంటు ఉద్యోగులకి ధ్రువపత్రం అక్కర్లేదు గనక వాళ్ళు పథకాన్ని మనస్ఫూర్తిగా హర్షించారు. కాంట్రాక్టు మీద ఉన్నది నూకరత్నం ఒక్కతే. కాబట్టి జిల్లాలో నినికూమ చేయవలసింది, నినికూమ కనిపెట్టిన ఆవిడ ఒక్కతే.

అటెండరు అప్పలకొండ, రిటైరుమెంటుకి దగ్గరపడ్డ ముసలాయన, భరోసా ఇచ్చాడు. "నీకేటి బయమమ్మా? నువ్వు సేసిందే కదా. మల్లీ సెయ్యి, పెట్టు, కాయితం అట్టుకుపో."

నూకరత్నం కూడా అలాగే అనుకుంది. దరఖాస్తు ఫారంలో పేరు, వయసు, తయారీ విధానం పూర్తి చేసి ఇచ్చేసింది.

ఫారాల పరిశీలన, గృహ తనిఖీ రెండూ సూపరింటెండెంటు విరూపాక్షం గారి చేతిలో ఉన్నాయి. విరూపాక్షం గారు లంచం ముట్టరు, కోపం తెచ్చుకోరు, సెలవు పెట్టరు. అలాంటి మనిషితో వేగడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. ఆయన ఒక ఆదివారం పొద్దున్న చేతి సంచీతో నూకరత్నం ఇంటికి వచ్చి నిలబడ్డారు.

"ముందుగా ఈ గృహమును నిరగ్ని గృహముగా ప్రకటించవలసి ఉన్నది" అని సంచీలోంచి లక్క, దారం, ముద్ర తీశారు. స్టవ్‌కి సీలు వేయాలి. లక్క కరగాలంటే నిప్పు కావాలి. ఇంట్లో నిప్పు వెలిగించకూడదు. ఆయన కాసేపు ఆలోచించి పక్కింటికి వెళ్ళి, వాళ్ళ పొయ్యి మీద లక్క కరిగించి, గరిటెతో పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. గడప దాటేసరికి గట్టిపడిపోయింది. మళ్ళీ వెళ్ళారు. మళ్ళీ గట్టిపడింది. మూడోసారి పంచె ఎగ్గట్టి పరిగెత్తారు. నాలుగోసారికి వీధిలో పిల్లలంతా అరుగులెక్కి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. చివరికి కాగితం చీటీ మీద జిగురు రాసి అంటించి, పక్కన సంతకం పెట్టారు.

"మూడు దినముల వరకు దీనిని వెలిగించరాదు."

"మరి మాం తినేదేటండి?" అన్నాడు సింహాద్రి.

"పథకములో ఆ అంశము ప్రస్తావించబడలేదు" అన్నారు విరూపాక్షం గారు, ఎంతో మర్యాదగా.

తర్వాత బల్ల మీద వరసగా పెట్టిన సామాను చూశారు. బెల్లం దగ్గర ఆగారు. "ఇది ఎట్లు తయారగును?"

"చెరకు రసం కాచి..." అని నూకరత్నం నాలుక్కరుచుకుంది.

"కాచి. అనగా దీనికి పూర్వాశ్రమమందు అగ్నితో సంబంధము కలదు." బెల్లం పక్కకి పోయింది. ఆ మాట వస్తుందేమోనని నూకరత్నం ఖర్జూరం కూడా తెచ్చి పెట్టుకుంది. ఖర్జూరం ఎండలో ఎండిందని, ఎండ సూర్యుడిదని, సూర్యుడు అగ్నిగోళమని ఆయన ఒక పేజీ రాసుకున్నారు. గుమ్మడికాయ కూడా ఎండలోనే పండింది కదా అని సింహాద్రి గుర్తుచేశాడు. విరూపాక్షం గారు కలం ఆపారు. అలా చూసుకుంటే ఆ గదిలో ఎవరూ మిగలరని ఆయనకి అర్థమైనట్టుంది. 'సూర్యునకు మినహాయింపు కోరుతూ పై అధికారులకు లేఖ వ్రాయనైనది' అని గీత గీసి ముందుకి కదిలారు.

ఇక కాయ కొయ్యాలి. సింహాద్రి అలవాటుగా లేచాడు.

"ఆగుము. మీరు మండలి ఉద్యోగి కారు. స్త్రీలు ప్రథమ కోత పెట్టరాదను స్థానిక ఆచారమును మండలి గౌరవించుచున్నది. అందుచేత ప్రథమ ఛేదనాధికారిగా నన్ను నియమించిరి" అని విరూపాక్షం గారు జేబులోంచి నియామకపు ఉత్తర్వు తీసి, చదివి వినిపించి, మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. చొక్కా చేతులు పైకి మడిచారు. కత్తి ఎత్తారు. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఈ కత్తి ఎక్కడిది?"

"మా డిపో ఎనకాల కమ్మరి సేసిచ్చేడండి. మంచి కత్తి" అన్నాడు సింహాద్రి గర్వంగా.

"కమ్మరి. అనగా కొలిమి."

విరూపాక్షం గారు కత్తిని రెండు చేతులతో నేల మీద పెట్టారు. గుమ్మడి కోరే కోరాము కూడా ఇనుమే. డబ్బా స్టీలు. ఆఖరికి ఆయన బయటికి వెళ్ళేటప్పుడు తలుపు గొళ్ళేన్ని కూడా అనుమానంగా చూసి, తనిఖీ ఫలితం సూర్యుడి లేఖకి జవాబు వచ్చేదాకా వాయిదా అన్నారు. గుమ్మడికాయ మాత్రం కోత పడకుండా నిండుగా మధ్యలో కూర్చుని ఉంది.

మూడు రోజులు అటుకులు నానబెట్టుకు తిన్నారు మొగుడూ పెళ్ళామూ. నాలుగో రోజు ఆఫీసులో విరూపాక్షం గారు నూకరత్నాన్ని పిలిచి ఆమె ఫారం ముందుకి తోశారు. ఎర్ర సిరాతో అయిదు సున్నాలు చుట్టి ఉన్నాయి.

"ఇది మీ చేతివ్రాతయేనా?"

"అవును సార్."

"చదువుడు."

నూకరత్నం చదివింది. "గుమ్మడి కోరు నాలుగు పాళ్ళు. బెల్లం రెండు పాళ్ళు. కొబ్బరి ఒక పాలు..."

"చాలు" అన్నారు విరూపాక్షం గారు బాధగా. "ఒక పాలు. జీడిపప్పు ముద్ద ఒక పాలు. బెల్లము లేనిచో ఖర్జూరము రెండు పాళ్ళు. మొత్తము అయిదు పర్యాయములు పాలు వాడితిరి. నిష్క్షీర పథకములో ఇంత క్షీరమా?"

నూకరత్నానికి ముందు నవ్వొచ్చింది. ఆయన మొహం చూశాక పోయింది. "సార్, ఇది తాగే పాలు కాదు సార్. పాలంటే వంతు. భాగం. మా అమ్మ ఇలాగే చెప్పేది. బియ్యం మూడు పాళ్ళు, మినప్పప్పు ఒక పాలు అని."

"అనగా మీ మాతృమూర్తి బియ్యములో కూడా పాలు కలిపెడివారు."

"కాదు సార్! నిఘంటువు చూడండి సార్."

"నిఘంటువు కొనుగోలు ప్రతిపాదన ఆరు సంవత్సరములుగా పరిశీలనలో ఉన్నది. అంతవరకు పాలు అనగా పాలే." ఆయన ఉత్తర్వు తీసి, ఆమె స్వహస్తాలతో టైపు చేసిన వాక్యం మీద వేలు పెట్టారు. "ఏ రూపమునను కనిపించరాదు. అక్షర రూపము కూడా రూపమే కదా అమ్మా."

"పోనీ, పాలు కొట్టేసి వంతు అని రాసిస్తాను."

"దిద్దిన యెడల తొలుత పాలు ఉన్నట్లు మీరే ఒప్పుకొన్నట్లగును." నిజంగానే ఆమె మేలు కోరుతున్నట్టు చెప్పారాయన. "వచ్చే ఆర్థిక సంవత్సరము నూతన దరఖాస్తు చేసుకొనుడు."

"వచ్చే ఏడాదికి నేనిక్కడ ఉండను కదా సార్!"

"అవును. అదొక చిక్కు ఉన్నది" అని ఆయన ఒప్పుకున్నారు. తిరస్కరించబడినది అన్న ముద్ర వేశారు. ఇలాంటి తప్పులు ఇకపై జరగకుండా 'క్షీర ప్రస్తావన రిజిస్టరు' ఒకటి తెరిచారు. ఆఫీసులో పాలు అన్న మాట ఎవరు పలికినా, రాసినా, పేరు, సమయం, సందర్భం అందులో ఎక్కాలి. ఎక్కినవాళ్ళ మీద శాఖాపరమైన చర్య ఉంటుంది. సంచాలకులు ఆ రిజిస్టరు మొదటి పేజీ మీద 'ఎవరికిని మినహాయింపు లేదు' అని సంతకం చేశారు. దాన్ని నిర్వహించే బాధ్యత కంప్యూటర్ ఆపరేటరుది, అంటే మార్చి ముప్పై ఒకటి సాయంత్రం అయిదింటి దాకా నూకరత్నానిది.

నూకరత్నానికి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. తొమ్మిదేళ్ళు వీళ్ళ పిచ్చి ఉత్తర్వులన్నీ తప్పుల్లేకుండా టైపు చేసింది తను. ఒక్క మాటకి పోయింది, అదీ అమ్మ దగ్గర నేర్చుకున్న మాటకి.

పథకం ప్రారంభోత్సవం మార్చి ముప్పై ఒకటి పొద్దున్నే ఊళ్ళో కల్యాణ మండపంలో పెట్టారు. రాజధాని నుంచి ముఖ్య అతిథి వచ్చారు. అన్ని నిబంధనలకీ నిలబడ్డ నినికూమ జిల్లా మొత్తం మీద ఒక్కటే దొరికింది. పట్టుగుడ్డ తీశారు. అరిటాకు మీద మండలివారు బజారులో కొన్న నిండు గుమ్మడికాయ ఉంది. కొయ్యలేదు, కోరలేదు, ఏమీ కలపలేదు. పక్కన ఒక చెక్క గరిటె.

పరాంకుశం గారు మైకు అందుకున్నారు. "మిత్రులారా! దీనికి నిప్పు సోకలేదు. పాలు... క్షమించాలి, క్షీరం తగలలేదు. ఇనుము అంటలేదు. మానవ ప్రమేయం బొత్తిగా లేని మొట్టమొదటి మిఠాయి ఇది!"

చప్పట్లు మోగాయి. ఆ క్షమించాలికి ముందున్న మాట వెనక వరసలో ఉన్న నూకరత్నం చెవిన పడింది గాని, అది ఆఫీసు ఆవరణ కాదు గనక రిజిస్టరు పరిధిలోకి రాదు. ముఖ్య అతిథి గరిటెతో కాయని రెండుసార్లు తట్టారు. టక్కుటక్కుమంది. "అద్భుతం" అన్నారు. కెమెరాలు ఇంకా అటే తిరిగి ఉండటంతో పరాంకుశం గారు వంగి తొక్కని పళ్ళతో గీరి, నమిలి, నవ్వారు. అతిథికి విమానం టైమైంది. పథకం విజయవంతమైంది.

అంతకు ముందు రోజు సాయంత్రం నూకరత్నం ఇంట్లో, గడువు తీరినా స్టవ్‌కి అంటుకునే ఉన్న చీటీని సింహాద్రే పీకేశాడు. "ఉజ్జోగం పోతే పోనీ. నీ సేతిలో ఇద్దె ఉంది. ముందా కాయ కొయ్యనియ్యి. అది నన్ను సూసి నవ్వుతున్నాది" అని కమ్మరి కత్తితో ఒక్క వేటు వేశాడు. నూకరత్నం బెల్లమే వేసింది. నాలుగు పాళ్ళకి రెండు పాళ్ళు, అమ్మ చెప్పిన లెక్కే.

ఆఖరి రోజు మధ్యాహ్నం ఆఫీసులో డబ్బా తెరిచింది. అప్పలకొండ కళ్ళు తుడుచుకుంటూ పక్కన కూర్చున్నాడు. యాలకుల వాసనకి విరూపాక్షం గారు తలెత్తారు. నిప్పు సోకిన బెల్లమని తెలిసి కూడా ఆయన ముక్కు మాట వినలేదు. నూకరత్నం ఆయనకీ ఒక ముక్క పెట్టింది. మనిషి మీద ఆమెకి కోపం లేదు, ఆ ఎర్ర సిరా మీదే.

అప్పుడు తలుపు తోసుకుని పరాంకుశం గారు వచ్చారు. పొద్దుటి నుంచి ఆయన కడుపులో గుమ్మడి తొక్క తప్ప ఏమీ లేదు. డబ్బాలోకి చూశారు. అప్పలకొండ చేతిలో ముక్క, విరూపాక్షం నోట్లో ముక్క, నూకరత్నం ముందు రెండు ముక్కలు. ఆకలి మీదున్న మనిషి అధికార భాష మర్చిపోతాడు. ఆయనా చిన్నప్పుడు అన్నదమ్ముల మధ్య కూర్చుని తిన్నవాడే కదా.

"అందరూ పంచేసుకుంటున్నారే! మరి నా పాలు ఏదమ్మా?"

అప్పలకొండ నమలడం ఆపేశాడు.

నూకరత్నం గోడ గడియారం చూసింది. రెండున్నర. అయిదింటికి ఇంకా టైముంది. సొరుగులోంచి క్షీర ప్రస్తావన రిజిస్టరు తీసి, తెరిచి, కలం మూత తీసింది.

"పేరు రాశాను సార్. సమయం రాశాను. సందర్భం దగ్గర ఏమని రాయమంటారు? తాగేదా, పంచుకునేదా?"

"అదేమిటమ్మా! నా పాలు అంటే నా వంతు. నా భాగం. తెలుగు రాదా నీకు?"

"నాకు వచ్చు సార్. నా ఫారంలో కూడా అదే తెలుగు." ఆమె కలాన్ని సందర్భం గడి మీద ఆనించింది. "వంతు అని రాస్తే, నా దరఖాస్తులో తప్పు లేనట్టే సార్. తప్పుంది అంటారా, అయితే క్షీరం అని రాస్తాను. మినహాయింపు ఎవరికీ లేదని మీ సంతకమే ఉంది."

పరాంకుశం గారు విరూపాక్షం గారి వైపు చూశారు. విరూపాక్షం గారు నోట్లోది మింగి, నిబంధనలకి కట్టుబడ్డ మనిషి గనక, ఉన్నమాట చెప్పారు. "రెండింటిలో ఏదో ఒకటి వ్రాయక తప్పదు సార్."

"రాసెయ్యమ్మా, వంతనే రాసెయ్" అన్నాడు అప్పలకొండ మెల్లిగా. "బాబుగోరు ఆకలి మీదున్నారు."

పరాంకుశం గారు కళ్ళు మూసుకున్నారు. తెరిచాక ముందు పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టారు, తర్వాత చెయ్యి చాచారు. నూకరత్నం ఆయన పాలు ఆయనకి పెట్టింది. ఒక్క ముక్కే పెట్టింది.

కథ ఇక్కడ ఆగితే బాగుండును. కాని సంచాలకులు కళ్ళు మూసుకున్నారని చెప్పాను కదా. ఏప్రిల్ ఒకటిన కొత్త ఉత్తర్వు వచ్చింది. 'పాలు అను పదమునకు నేటి నుండి జిల్లా అంతటను వాటా అని మాత్రమే అర్థము.' మొదటి నోటీసు ఆఫీసు గేటు పక్కన గేదెపాలు అమ్మే గౌరమ్మకి వెళ్ళింది. పర్మినెంటు ఉద్యోగిగా నూకరత్నం టైపు చేసిన మొదటి కాగితం అదే. 'మీ బోర్డుపై చిక్కటి పాలు అమ్మబడును అని కలదు. సదరు చిక్కటి వాటాలు ఎవరివి, ఎవరి అనుమతితో అమ్ముచున్నారు, ఏడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.'

గౌరమ్మ ఆ కాగితం పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. "రత్నమ్మా, ఇదేటే? మా గేదె ఎవులి వాటా ఇచ్చేసిందంట?"

లోపల్నుంచి పరాంకుశం గారి చెప్పుల చప్పుడు వినబడింది. ఆ రోజు ఆమె భోజనం డబ్బాలో ఏముందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. మూత గట్టిగా నొక్కి, సొరుగులోకి తోసి, తాళం వేసేసింది. జిల్లా ఇప్పటికే చాలినంత అభివృద్ధి చెందింది.